కొంగున తాళంచెవి లేని చోట

"బంగారం, నగదు, విలువైన వస్తువులు వెంట తెచ్చుకోరాదు. పోయిన వాటికి యాజమాన్యం బాధ్యత వహించదు." వృద్ధాశ్రమంలో చేర్చేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలో ఈ రెండు వాక్యాలు ఏదో ఒక రూపంలో కనిపిస్తుంటాయి. కొడుకో అల్లుడో చదవకుండానే సంతకం పెట్టేస్తాడు. ఎవరి వస్తువుల గురించి ఆ కాగితం మాట్లాడుతోందో ఆ మనిషి పక్క కుర్చీలోనే కూర్చుని ఉంటుంది. ఆమెని ఎవరూ అడగరు. ఇదంతా ఆమె మంచికే కదా! పోతాయేమో, ఎవరైనా తీస్తారేమో, అయినా ఆ వయసులో ఆమెకి వాటితో పనేముంది?

ఈ "మంచికే" అనే మాటతోనే నా పేచీ. ముసలి ఆడవాళ్ళ వస్తువులకి రక్షణ అంటే వాటిని వాళ్ళ దగ్గర్నించి తీసేసుకోవడమేనని అందరం ఒప్పేసుకున్నాం. ఇదే తర్కాన్ని మగవాడి పొలానికి వర్తింపజేసి చూడండి. "నీ పొలం ఎవరైనా ఆక్రమించుకుంటారేమో, అందుకని మేమే రాయించుకుంటున్నాం" అంటే ఊరుకుంటాడా? ఊరు ఊరంతా పంచాయితీకి కూర్చోదూ? ఆమె పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే ప్రేమగా, బాధ్యతగా వినిపిస్తుంది.

నేను మాట్లాడుతున్నది నాకు తెలిసిన మూడు ఊళ్ళ గురించి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఒకప్పుడు మూడూ నల్గొండ జిల్లావే. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సూర్యాపేట జిల్లా కేంద్రమైంది, కోదాడ అందులోకి వెళ్ళింది, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, వరి, రైసు మిల్లులు, హైదరాబాద్ - విజయవాడ రోడ్డు ఈ ప్రాంతాన్ని ఇప్పటి రూపానికి తెచ్చాయి. వడ్లమ్మిన డబ్బుతో చదువుకున్న పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉన్నారు. ఆ వరికి నాట్లేసి, కలుపుతీసి, కోతకోసిన ఆడవాళ్ళు ఇక్కడ ఉన్నారు. పట్టాదారు పాసుపుస్తకంలో వాళ్ళలో చాలామంది పేరు లేదు. వాళ్ళకున్నదల్లా ఎత్తి పట్టుకుపోగలిగినదే. ఆస్తి అనగానే పొలమూ ఇల్లూ గుర్తొచ్చే మనకి ఆ సందూగలో ఉన్నది ఆస్తిగా కనిపించదు.

ఒక చిన్న పిడకల వేట. మా ఊళ్ళలో నర్సింగ్ హోమ్ అంటే వృద్ధాశ్రమం కాదు. కాన్పులూ ఆపరేషన్లూ చేసే ప్రైవేటు ఆసుపత్రి. పిడకల వేట అన్నానుగానీ, నిజానికి అసలు కథ మొదలయ్యేది అక్కడే. సిజేరియన్‌కో, గర్భసంచి ఆపరేషన్‌కో లోపలికి తీసుకెళ్ళే ముందు ఒంటిమీద బంగారం తీసేయమంటారు. తియ్యాల్సిందే, అది వైద్యపరమైన అవసరం. కానీ తీసినవాటిని రుమాల్లో మూటగట్టి ఎవరి చేతికిస్తారు? భర్తకి, లేదా అత్తకి. ఎన్ని కుటుంబాల్లో ఆ మూట తిరిగి ఆమె మెడలోకి రాలేదో మనలో ప్రతి ఒక్కరికీ ఒక్క కథయినా తెలుసు. ఆసుపత్రి బిల్లుకి కుదువ పెట్టారు, ఆడబిడ్డ పెళ్ళికి వాడారు, ఫలానా వ్యాపారంలో పెట్టారు. ఆమె ఇచ్చిందా? ఇవ్వలేదు. దాచమంది. దాచమని ఇచ్చినదాన్ని సొంతానికి వాడుకోవడం నమ్మకద్రోహం, నేరం అని, స్త్రీధనం విషయంలో భర్తకీ అత్తింటివాళ్ళకీ ఇది వర్తిస్తుందని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుకి నలభై ఏళ్ళు. ఆ రుమాలు మూటకి మాత్రం ఈ రోజుకీ రశీదు లేదు.

తర్వాత భర్త పోయినప్పుడు. పుస్తెలూ మట్టెలూ తీయించే తతంగంలో తీసినవి ఎవరి దగ్గరికి చేరతాయో ఎవరూ అడగరు. ఆ సమయంలో బంగారం గురించి అడిగిన విధవని లోకం ఎన్ని మాటలంటుందో మనకి తెలియంది కాదు. ఆ తర్వాత పంపకాలు. కోడళ్ళకీ కూతుళ్ళకీ "నీ చేతుల మీదుగా ఇచ్చేసెయ్" అని తీసుకునేవి. ఇన్ని వడపోతలు అయ్యాక, డెబ్భై అయిదేళ్ళ వయసులో ఆశ్రమం గడప తొక్కేటప్పుడు ఆమె చేతిలో మిగిలేది ఒక సంచీ, మహా అయితే ఒక రేకు పెట్టె. "విలువైన వస్తువులు తెచ్చుకోరాదు" అనే నిబంధన ఎదురయ్యేది ఈ మనిషికి!

మా పెద్దమ్మ పెట్టెలో ఏముండేవో చెప్తాను. ఒక ఊరి పొలిమేరలోని ఆశ్రమంలో ఆమె మూడేళ్ళు ఉంది. నాలుగు నేత చీరలు. పుస్తెలతాడు పోగా మిగిలిన రెండు గుండ్లు, నల్లదారానికి గుచ్చినవి. ఆకూ వక్కా పెట్టుకునే గుడ్డ సంచీ. ఆమె సొంతంగా కట్టినవీ విన్నవీ కలిపి ఎవరో బడిపిల్ల చేత రాయించిన బతుకమ్మ పాటల నోటుబుక్కు. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం. ఒక ఇత్తడి చెంబు, అమ్మగారిది. చేరిన రోజునే పెట్టెని స్టోర్‌రూంలో పెట్టేశారు, మంచం కింద పెడితే ఊడవడానికి అడ్డమని. కావాలన్నప్పుడు అడిగితే తీసిస్తామన్నారు. వాళ్ళు అబద్ధమాడలేదు, నిజంగానే తీసిచ్చేవాళ్ళు. స్టోరు తాళం మేనేజరు దగ్గర ఉండేది కాబట్టి ఆయన ఉన్నప్పుడు అడగాలి. పక్కనున్నవాళ్ళ ముందే ఆయన ఎదురుగా పెట్టె తెరవాలి. రెండుసార్లు అడిగాక మూడోసారి అడగబుద్ధి కాదు. "నా సందూగ ఏడ వెట్టిండ్రు బిడ్డా, ఉన్నదా?" అని నేను వెళ్ళినప్పుడల్లా అడిగేది. అందులోంచి ఏదో తీసుకోవడానికి కాదు. ఉందని తెలుసుకోవడానికి.

ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె కొంగుకి తాళంచెవుల గుత్తి ఉండేది. గుత్తి కొంగున ముడేసుకోవడం అంటే పెత్తనమని, అత్త పోయాకో అలిసిపోయాకో అది కోడలికి చేరుతుందని, అదే మన ఆడవాళ్ళకి కుటుంబం ఇచ్చిన ఒకే ఒక్క బిరుదని మనం చాలా విమర్శలు రాశాం. ఆ విమర్శ సరైనదే. కానీ ఒక చిన్న తాళంచెవి కూడా లేని కొంగు ఎలా ఉంటుందో కూడా రాయాలి. వర్జీనియా ఉల్ఫ్ 1929లో అడిగిన గది గురించి మనం సభల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. ఆ గదికి తాళం కూడా ఉండాలని ఆమె అడిగింది. గది మాత్రం గుర్తుపెట్టుకుని తాళం సంగతి మర్చిపోయాం.

ఆశ్రమంలో బట్టలు కూడా ఆమెవి కావు. అందరి చీరలూ ఒకే బుట్టలో వేసి ఉతికి ఆరేసి ఎవరికి ఏది దొరికితే అది కట్టుకోమంటే, జీవితమంతా రంగు చూసి అంచు చూసి ఏరుకున్న మనిషి ఆ రోజు ఇంకొకరి చీరలో తిరుగుతుంది. కొత్తగా చేరినవాళ్ళ సొంత వస్తువులు తీసేసుకోవడం, వాళ్ళు ఎవరన్నది చెరిపేసి అందరినీ ఒకే మూసలో పోయడానికి మొదటి మెట్టు అని గాఫ్‌మన్ 1961లోనే పిచ్చాసుపత్రులనీ జైళ్ళనీ చూసి రాశాడు. మనం వాడే పదం ఆశ్రమం. పదంలోనే త్యాగం ఉంది. అన్నీ వదులుకుని రావాల్సిన చోటు అన్నట్టు! ఆమె సన్యాసం తీసుకోలేదండీ, ఇల్లు మారింది అంతే.

కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు, వినికిడి మిషను సంగతి వేరే చెప్పాలి. వీటిని వస్తువులనడం కూడా సరికాదు, అవి ఒంట్లో భాగాలు. పళ్ళసెట్టు కడగడానికి తీసుకెళ్ళి ఇంకొకరిది తెచ్చిస్తే ఆమె తిండి మానేస్తుంది. వినికిడి మిషను పోతే పలకడం మానేస్తుంది. అప్పుడు "ఈమధ్య డల్లయిపోయింది, మతి తప్పుతోంది" అని పిల్లలకి ఫోను వెళ్తుంది.

మతి విషయం దాటేయకూడదు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు తామే ఎక్కడో దాచి, దొంగిలించారని అనడం నిజంగా జరిగేదే. ఆ జబ్బు లక్షణాల్లో అదొకటి. దీన్ని ఒప్పుకునే మాట్లాడాలి. అయితే ఈ నిజాన్ని వాడుకుని ఎన్ని నోళ్ళు మూయించవచ్చో చూడండి. పోయిందంటే చాదస్తం. మళ్ళీ అంటే జబ్బు. గట్టిగా అంటే నిద్రమాత్ర. ఆమె మాట నమ్మాలో లేదో తేల్చుకోవడానికి దారి ఒకటే ఉంది: చేరిన రోజున ఏమేం తెచ్చిందో రాసి ఉన్న కాగితం. అది ఉంటే ఆమె జ్ఞాపకశక్తి మీద విచారణ అక్కర్లేదు. జబ్బున్న మనిషికే ఆ కాగితం ఎక్కువ అవసరం.

ఇంకో మనిషికి కూడా అవసరం. ఏదైనా పోగానే మొదట ఎవరి సంచీ విప్పుతారు? ఆయా సంచీ. మలమూత్రాలెత్తి, పుండ్లు కడిగి, రాత్రంతా మేలుకుని తక్కువ జీతానికి పనిచేసే ఆయాలు ఎక్కువగా దళిత, బీసీ కులాల ఆడవాళ్ళు. నేను చూసిందే చెప్తున్నాను. ఒక గదిలో వెండి పట్టీలు కనపడలేదు. అందరి ముందూ ఆయా చేతిసంచీ మంచం మీద బోర్లించారు. టిఫిను డబ్బా, దువ్వెన, నెలసరి గుడ్డ. అందరి ముందూ! మూడో రోజున పట్టీలు దిండు గలీబులో దొరికాయి. అప్పటికి ఆమె పని మానేసి వెళ్ళిపోయింది. ఆమెకి కబురు పెట్టాలని కూడా ఎవరికీ అనిపించలేదు. లోపలున్న ముసలమ్మకీ ఆమెని చూసుకునే ఆడమనిషికీ మధ్య ఈ అనుమానాన్ని పెట్టి, అసలు బాధ్యులైన యాజమాన్యమూ కుటుంబమూ పక్కకి తప్పుకోవడం చూస్తే ఒళ్ళు మండుతుంది. దీనికి మందుగా సీసీ కెమెరాలు పెడుతున్నారు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే, పక్షవాతంతో పడుకున్నవాళ్ళని తుడిచే గదిలో కెమెరా! అయిదువందల రూపాయల తాళంపెట్టె ఇవ్వడానికి లేని డబ్బు కెమెరాకి ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

ఇక పింఛను. ఆసరా పింఛను 2014 నవంబర్‌లో మొదలైంది, 2019లో వృద్ధులకి 2016 రూపాయలు చేశారు. బ్యాంకులోనో, పోస్టాఫీసులో వేలిముద్ర వేస్తేనో వస్తుంది. నెలకోసారి కొడుకు మోటారు సైకిలు మీద వచ్చి, అమ్మని ఎక్కించుకుని, వేలిముద్ర వేయించి, డబ్బు జేబులో పెట్టుకుని, మళ్ళీ ఆశ్రమం గేటు దగ్గర దింపి వెళ్ళిపోవడం ఎన్నో ఊళ్ళలో వినే కథ. అది దొంగతనమని ఎవరూ అనరు. ఆమె కూడా అనదు. కోదాడలో ఇంకో చిక్కు. ఎన్టీఆర్ జిల్లా వైపు నుంచి, జగ్గయ్యపేట దిక్కు నుంచి వచ్చి ఇటు చేరిన మనిషి పింఛను ఆంధ్రాలో ఉంటుంది. అక్కడ 2024 జులై నుంచి నాలుగు వేలు, ఇంటికే తెచ్చిస్తారు. ఇంటికి తెచ్చిస్తారు కాబట్టి ఆమె ఆ ఇంట్లో ఉండాలి. ఆ ఒక్క రోజు కోసం ఆమెకి కుటుంబంలో చోటు దొరుకుతుంది. ఆధార్ కార్డూ బ్యాంకు పుస్తకమూ ఎవరి దగ్గరుంటే ఆమె వేలు కూడా వాళ్ళదే అన్నట్టుంది.

చట్టం లేదా అంటారు. ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో ఆస్తి అంటే స్థిరాస్తీ చరాస్తీ రెండూ అని స్పష్టంగా రాశారు. వృద్ధుల ప్రాణానికీ ఆస్తికీ రక్షణ కోసం రాష్ట్రం సమగ్రమైన కార్యాచరణ ప్రణాళిక తయారుచేయాలని 22వ సెక్షన్ చెప్తుంది. కానీ ఆ చట్టం గురించి మన పేపర్లలో వచ్చే వార్తలు చూడండి. కొడుక్కి రాసిచ్చిన ఇల్లు వెనక్కి, గిఫ్ట్ డీడ్ రద్దు, ఎకరాలు తిరిగి తండ్రికి. 23వ సెక్షన్ వార్తలే అన్నీ. మంచి సెక్షనే. 2025 జనవరిలో ఒక తల్లి వేసిన కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా ఉదారంగా చదవాలని కూడా చెప్పింది. అయితే రాసివ్వడానికి పేరుమీద ఏమీ లేనిదానికి అందులో ఏముంది? కేంద్రం తయారుచేసిన నమూనా నియమాల్లో వృద్ధాశ్రమానికి ఉండాల్సిన సదుపాయాల జాబితా ఉంది. పడకగదిలో మనిషికి 7.5 చదరపు మీటర్లు, ఫ్యాన్లు, వంటగది, టీవీ, దినపత్రికలు, చలికాలపు బట్టలు, కాపలా. అన్నీ ఆమెకి ఇవ్వాల్సినవే. ఆమె వెంట తెచ్చుకున్నవంటూ ఉంటాయని ఆ జాబితా రాసినవాళ్ళకి తట్టినట్టు లేదు. వృద్ధుల సంరక్షణ గృహాలు నమోదు చేసుకోవాలని, కనీస ప్రమాణాలు పాటించాలని 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు పెట్టారు. అది ఆమోదం పొందకుండానే 2024లో ఆ సభతో పాటు మురిగిపోయింది.

పోలీసు స్టేషన్‌కి వెళ్తే? 2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. అయిదు వేల రూపాయల లోపు వస్తువు దొంగతనమైతే, మామూలు దొంగతనం కింద అది పోలీసులు సొంతంగా కేసు కట్టి దర్యాప్తు చేయగలిగిన నేరం కాకుండా పోయింది. మేజిస్ట్రేటు అనుమతి కావాలి. వెండి మెట్టెలు, పాత చీరలు, కళ్ళద్దాలు, ఇత్తడి చెంబు... వీటి ఖరీదు ఎంత కడతారు? కానీ అదే న్యాయసంహితలో 305వ సెక్షన్ ఉంది. మనుషులు నివసించే కట్టడంలో జరిగిన దొంగతనానికి అది వర్తిస్తుంది. ఏడేళ్ళ దాకా శిక్ష. పోలీసులు కేసు కట్టాల్సిందే. అంటే స్టేషన్‌లో రాసుకునే మనిషి తేల్చాల్సిన ప్రశ్న ఒకటే: ఆ పది మంచాల హాలు ఆమె నివాసమా, కాదా? చట్టం ప్రకారం నివాసమే. ఈ నంబరు మన కార్యకర్తలందరూ గుర్తుపెట్టుకోవాలి. దాచమని యాజమాన్యానికి ఇచ్చినది పోతే 316వ సెక్షన్, నమ్మకద్రోహం. స్త్రీధనం మీద హక్కు ఆమె ఒక్కతిదేనని, కన్నతండ్రి కూడా ఆమె అనుమతి లేకుండా దాన్ని అడగలేడని 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రికే లేనప్పుడు కొడుక్కి ఎక్కడిది?

మన కొడుకులూ కూతుళ్ళూ ఉద్యోగాలు చేస్తున్న కాలిఫోర్నియాలో ఇదే సమస్యకి 1987లో ఒక చట్టం చేశారు. నర్సింగ్ హోమ్‌లో చేర్చుకున్న రోజే వస్తువుల జాబితా రాయాలి. వాటి మీద గుర్తులు వేయాలి, కట్టుడు పళ్ళ మీద కూడా పేరు చెక్కాలి. పాతిక డాలర్లు, ఆపైన విలువ చేసేది పోతే రికార్డు చేయాలి. వంద డాలర్లు, ఆపైన విలువ చేసేది దొంగతనానికి గురైందనిపిస్తే 36 గంటల్లో పోలీసులకి చెప్పాలి. అడిగితే మంచం పక్క సొరుగుకి తాళం పెట్టాలి, ఖర్చు ఆమెదే అయినా. మనిషి చనిపోతే జాబితా ప్రకారం అప్పజెప్పాలి. అక్కడ దొంగతనాలు ఆగిపోయాయని నేననడం లేదు, అమెరికాని ఆదర్శంగా చూపించడం నా ఉద్దేశమూ కాదు. ఆ చట్టం ఒక్క పని చేసింది. పోయిన వస్తువు గురించి సమాధానం చెప్పాల్సిన బాధ్యతని ముసలామె మీదనుంచి సంస్థ మీదకి మార్చింది. అక్కడి ఆఫీసుల్లో ఇన్ని నియమాలు పాటిస్తూ బతికే మన పిల్లలు ఇక్కడ అమ్మని చేర్చేటప్పుడు "యాజమాన్యం బాధ్యత వహించదు" కింద ఎలా సంతకం పెడుతున్నారు?

ఈ పత్రిక చదివేవాళ్ళం రాసేవాళ్ళం, పాఠాలు చెప్పేవాళ్ళం. మనకి సంబంధించిన ముక్క ఇంకోటుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తేగలిగిందంటే, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళి కూర్చుని విన్నందువల్ల. ఆ తరం దాదాపు వెళ్ళిపోయింది. ఆ తర్వాతి తరం ఇప్పుడు ఈ హాళ్ళలో మంచాల మీద ఉంది. వాళ్ళ పాటల పుస్తకాలు, ఉత్తరాలు, పొదుపు సంఘం లెక్కలు, వెనక ఎవరిదో చేతిరాత ఉన్న ఫోటోలు ఆ స్టోర్‌రూంలలో ఉన్నాయి. అబ్బూరి ఛాయాదేవి గారు చివరి రోజులు కొండాపూర్‌లో సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో గడిపి 2019 జూన్‌లో వెళ్ళిపోయారు. ఆవిడ వృత్తిరీత్యా లైబ్రేరియన్, ఆవిడ పుస్తకాలున్నాయి, ఆవిడ్ని తలుచుకోవడానికి మనమంతా ఉన్నాం. మా పెద్దమ్మ పోయినప్పుడు ఆమె సామాను ఒక పాత దుప్పట్లో మూటగట్టి ఇచ్చారు. గుండ్లు ఉన్నాయి. చెంబు ఉంది. నోటుబుక్కు లేదు. చిత్తుకాగితాలతో పోయి ఉంటుందన్నారు. బంగారం పోతే పోలీసులున్నారు, ఆ పాటలు పోయాయని నేను ఎవరికి ఫిర్యాదు చేయాలి?

అడగాల్సింది పెద్దదేమీ కాదు. ప్రతి మంచానికీ ఒక తాళం ఉన్న అర. తాళంచెవి ఆమె దగ్గర, రెండోది సీలు వేసిన కవరులో ఆఫీసులో, తెరిస్తే ఎందుకు తెరిచారో రాసిన పుస్తకంతో. చేరిన రోజున ఆమె చెప్తుండగా రాసిన జాబితా, అందులో బంగారంతో పాటు నోటుబుక్కూ ఫోటోలూ కూడా. సంతకం లేక వేలిముద్ర ఆమెది, కొడుకుది కాదు. ఆధార్, బ్యాంకు పుస్తకం ఆమె అరలో. చీర అంచున పేరు కుట్టడం. ఏదైనా పోతే జాబితా చూడకుండా ఏ ఆయా సంచీ మీదా చెయ్యి వేయకపోవడం. "బాధ్యత వహించదు" అన్న వాక్యాన్ని కాగితంలోంచి కొట్టేయడం.

2007 చట్టం కింద ట్రిబ్యునల్‌గా కూర్చునేది ఆర్డీవో. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింట్లోనూ ఆర్డీవో ఆఫీసులున్నాయి. కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణి ఉంది, మిర్యాలగూడ వాళ్ళు నల్గొండ దాకా వెళ్ళాలి. ఆ జాబితా కాగితం నమూనా ఒకటి మేము తయారుచేశాం, ఒకటే పేజీ, పెద్ద అక్షరాలతో. అది పట్టుకుని మీ ఊరి ఆశ్రమానికి వెళ్ళేముందు, అక్కడున్న ఎవరైనా ఒకామెని అడిగి చూడండి, అందులో ఇంకేం రాయాలో. మేము అడిగినప్పుడు ఒకావిడ, నలభై ఏళ్ళుగా వాడుతున్న కవ్వం రాయమంది. చిలకడానికి ఆమెకి ఇప్పుడు పెరుగు లేదు. రాశాం.